కొత్తది కొనే ముందు అంకె చదవండి

(మహిళల చదువు కేంద్రంలో వినిపించిన ప్రసంగ పాఠం)



ఇవాళ్టి ముచ్చట కంప్యూటర్ గురించి. పాతబడి, నెమ్మదించిన కంప్యూటర్ గురించి.

"మాకెందుకమ్మా కంప్యూటర్?" అని అనుకోవద్దు. పిల్లల దరఖాస్తులు, హాల్ టికెట్లు, మార్కుల కాగితాలు ఇప్పుడు కంప్యూటర్‌లోనే వస్తున్నాయి. అది ఆగిందంటే బిడ్డ చదువు ఆగుతుంది. దాన్ని బాగు చేయించాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ దాచుకున్న పోపుల డబ్బాలోంచే వస్తుంది. డబ్బు ఇచ్చేది అమ్మ అయినప్పుడు, దేనికి ఇస్తున్నదో అమ్మకు తెలియాలి కదా!

ఒక ఇంటి సంగతి

నాంపల్లిలో ఒక సందు. ఆ సందులో ఒక ఇల్లు ఉందనుకుందాం. ఆ ఇంటి తల్లి జాకెట్లు కుడుతుంది. తండ్రి ఆటో నడుపుతాడు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది.

తల్లి చిన్నప్పుడు బడికి పోలేదు. బిడ్డ పెద్దదయ్యాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు మీద పేరు చదువుతుంది. జాకెట్ కొలతలు నోటు పుస్తకంలో రాసుకుంటుంది. అంకెలంటే ఆమెకు భయం లేదు.

వాళ్ల ఇంట్లో ఒక కంప్యూటర్ ఉంది. ఎవరో వాడింది, ఏడేళ్ల కింద కొన్నారు. ఈ మధ్య అది బాగా నెమ్మదించింది. మీట నొక్కి, టీ పెట్టుకుని, తాగి, గిన్నె కడిగి వచ్చినా ఇంకా తెరుచుకోదు.

ఆ రోజు ఎంట్రెన్స్ పరీక్ష దరఖాస్తుకు ఆఖరి తేదీ. కూతురు సాయంత్రం కూర్చుంది. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏమైంది బిడ్డా?" అని తల్లి అడిగింది.

"తిరుగుతనే ఉన్నదమ్మా. ఫోటో ఎక్కుతలేదు."

రాత్రి పన్నెండు దాటింది. గడువు దాటిపోయింది. మర్నాడు నెట్ సెంటర్‌కు పోయి, ఆలస్య రుసుము కట్టి దరఖాస్తు పెట్టారు. ఆ రుసుము నాలుగు జాకెట్ల కూలి. కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. ముందు ముందు ఇంకా కౌన్సెలింగ్ ఉంది. సీటు కోసం ఇంట్లోనే కాలేజీల పేర్లు ఎంచుకోవాలి. అప్పుడు కూడా చక్రం తిరిగితే?

మరిది వచ్చి ఒక సలహా ఇచ్చాడు.

"వదినా! గా డబ్బాను పాత సామానోళ్లకు ఇచ్చెయ్యి. ముప్పై వేలు పెడితే కొత్తది వస్తది. పైసలు నేను అప్పు ఇప్పిస్త. నూటికి మూడు రూపాయల వడ్డీ."

తల్లి వెంటనే ఒప్పుకోలేదు. నోటు పుస్తకం తీసింది. లెక్క రాసింది.

అప్పు 30,000 రూపాయలు.
నెలకు వడ్డీ 900 రూపాయలు.
ఏడాదికి వడ్డీ 10,800 రూపాయలు.

అసలు అలాగే ఉంది. వడ్డీయే పదివేలు దాటింది. ఆమె పెన్ను కింద పెట్టింది.

"జాకెట్ భుజం దగ్గర చిరిగితే భుజం కుడతం. జాకెట్ మొత్తం పారేస్తమా? దీనికి ఎక్కడ చిరిగిందో ముందు చూద్దాం" అంది.

అక్కలారా! ఈ ప్రసంగమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. ఎక్కడ చిరిగిందో ముందు చూడాలి. ఆ తర్వాతే డబ్బు తీయాలి.

కంప్యూటర్ లోపల ముగ్గురు

కంప్యూటర్ డబ్బాలో చాలా ముక్కలు ఉంటాయి. వేగం మాత్రం ముఖ్యంగా మూడింటి మీద ఉంటుంది. వంటింటిని తలుచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటిది ప్రాసెసర్. ఇది వంట చేసే మనిషి. లెక్కలన్నీ ఇదే చేస్తుంది.

రెండోది ర్యామ్. ఇది వంట గట్టు. ఇప్పుడు చేస్తున్న పనికి కావలసిన సామాను ఇక్కడ పెట్టుకుంటారు. గట్టు చిన్నదైతే గిన్నెలు పట్టవు. ఒకటి దింపి ఒకటి ఎక్కించాలి.

మూడోది డిస్కు. ఇది సామాను గది. ఫోటోలు, కాగితాలు, కంప్యూటర్‌ను నడిపించే విండోస్ అన్నీ ఇక్కడే దాచి ఉంటాయి. కరెంటు పోయినా ఇక్కడివి పోవు.

వంట చేసే మనిషి ఎంత చురుకైనదైనా, సామాను గది నుంచి పప్పు తేవడానికి గంట పడితే వంట ఆలస్యమే. పాత కంప్యూటర్లలో చాలాసార్లు జరిగేది ఇదే.

ఎందుకంటే పాత రకం డిస్కు లోపల ఒక పళ్లెం గిరగిరా తిరుగుతుంది. దాన్ని హార్డ్ డిస్కు అంటారు. ఆ పళ్లెం నిమిషానికి 5,400 సార్లు, కొన్నింటిలో 7,200 సార్లు తిరుగుతుంది. దాని మీద ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి, కావలసినదాన్ని వెతుకుతుంది. వెతకడానికే ఎక్కువ సమయం పోతుంది.

కొత్త రకం డిస్కును ఎస్‌ఎస్‌డీ అంటారు. దీనిలో తిరిగేది ఏదీ లేదు. కదిలే చెయ్యి లేదు. అడిగిన వెంటనే ఇస్తుంది. పెద్ద ఫైలు చదివేటప్పుడు పాత హార్డ్ డిస్కు సెకనుకు సుమారు 100 ఎంబీ ఇస్తే, మామూలు ఎస్‌ఎస్‌డీ సుమారు 500 ఎంబీ ఇస్తుంది. చిన్న చిన్న ఫైళ్లు వెతకడంలో తేడా ఇంకా చాలా ఎక్కువ.

తెర మీది మూడు అంకెలు

మరి ఆ ఇంట్లో తప్పు ఎవరిది? మనిషిదా? గట్టుదా? సామాను గదిదా?

ఇది కంప్యూటరే చెబుతుంది. దాన్ని అడగడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. అంకెలు వస్తే చాలు.

కీబోర్డు మీద ఎడమ చేతి వైపు చూడండి. కింది వరసలో కంట్రోల్ మీట ఉంటుంది. దాని పై వరసలో షిఫ్ట్ మీట ఉంటుంది. అదే వైపు అన్నిటికన్నా పైన, మూలన ఎస్కేప్ మీట ఉంటుంది. ఈ మూడింటినీ ఒకేసారి నొక్కాలి. ఒక కిటికీ తెరుచుకుంటుంది. దాని పేరు టాస్క్ మేనేజర్.

ఆ కిటికీ చిన్నగా ఉంటే, కింద ఉన్న మాట మీద ఒకసారి నొక్కాలి. అది పెద్దదవుతుంది. పైన వరసగా నూటికి ఇంత అని అంకెలు కనిపిస్తాయి. మొదటి అంకె ప్రాసెసర్‌ది. రెండో అంకె ర్యామ్‌ది. మూడో అంకె డిస్కుది.

ఏ అంకె ఎప్పుడూ 100 దగ్గరే ఉంటుందో, అక్కడే ఇరుకు.

ఒక జాగ్రత్త. కంప్యూటర్ పెట్టగానే చూడకూడదు. పెట్టగానే అన్నీ ఉరుకులాడతాయి. పది నిమిషాలు ఆగి చూడాలి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకూడదు. మూడుసార్లు చూడాలి.

ఆ తల్లి అలాగే చేసింది. కూతురు మీటలు నొక్కింది. తల్లి అంకెలు చదివి రాసుకుంది.

ప్రాసెసర్: 22, 35, 28.
ర్యామ్: 84, 88, 86.
డిస్కు: 100, 100, 99.

"బిడ్డా! వంట మనిషి ఖాళీగనే కూసున్నది. సామాను గదే తీరిక లేక మొత్తుకుంటున్నది" అంది తల్లి.

కూతురు నవ్వింది. ఆ మాట నిజమే.

డబ్బు లేకుండా చేసే పనులు

అంకె తెలిసింది కదా అని వెంటనే బజారుకు పరుగెత్తకూడదు. ముందు పైసా ఖర్చు లేని పనులు చేసుకోవాలి.

ఒకటి. మనం ఆపినా కొన్ని కంప్యూటర్లు పూర్తిగా ఆగవు. కొంత గుర్తు పెట్టుకుని పడుకుంటాయి. అందుకని వారానికి ఒకసారైనా రీస్టార్ట్ చేయాలి.

రెండు. కంప్యూటర్ పెట్టగానే పిలవకుండానే వచ్చి కూర్చునే ప్రోగ్రాములు ఉంటాయి. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే చోట వాటి జాబితా ఉంటుంది. అక్కర్లేని వాటిని అక్కడ ఆపేయాలి. వైరస్ నుంచి కాపాడేదాన్ని మాత్రం ఆపకూడదు.

మూడు. డిస్కు గొంతుదాకా నిండితే కంప్యూటర్‌కు ఊపిరాడదు. నూటికి పదిహేను, ఇరవై పాళ్లు ఖాళీ ఉండాలి. చూసేసిన సినిమాలు, రెండేసి సార్లు దింపిన ఫోటోలు తీసేయాలి. ఆ తర్వాత తెర మీది చెత్తబుట్టను కూడా ఖాళీ చేయాలి. చెత్తబుట్టలో ఉన్నంతసేపు ఆ చోటు ఖాళీ కానట్టే.

నాలుగు. దుమ్ము. కుట్టు మిషన్‌లో దారపు నూగు పేరుకుంటే సూది బరువుగా నడుస్తుంది. కంప్యూటర్‌లో ఫ్యాన్‌కు దుమ్ము పడితే లోపల వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసేసి, పక్క మూత విప్పి, పొడి కుంచెతో మెల్లగా దులపాలి. తడిబట్ట వాడకూడదు. కరెంటు వైరు వచ్చి చేరే ఇనుప పెట్టెను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా దానిలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

ఐదు. కంప్యూటర్‌లో తేదీ, సమయం చూడండి. ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ పాత తేదీ చూపిస్తుంటే, లోపల ఉన్న బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. అది రూపాయి బిళ్ల లాగా గుండ్రంగా ఉంటుంది. దాని మీద సాధారణంగా సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. ఈ ఒక్కదానికి కొద్దిపాటి ఖర్చు అవుతుంది. తేదీ తప్పుగా ఉంటే చాలా వెబ్‌సైట్లు తెరుచుకోవు. కొందరు దీన్నే పెద్ద జబ్బు అనుకుని కంప్యూటర్ అమ్మేసుకుంటారు.

ఈ పనులన్నీ అయ్యాక తల్లి మళ్లీ అంకెలు చదివింది. ర్యామ్ 70కి దిగింది. డిస్కు మాత్రం 100 దగ్గరే ఉంది. లెక్క తేలింది. మార్చాల్సింది ఒక్క డిస్కునే. ర్యామ్‌కు ఇప్పుడు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఇంకో ఇంట్లో అంకెలు వేరుగా ఉండవచ్చు. ర్యామ్ 95 చూపిస్తూ, డిస్కు 10 చూపిస్తే ర్యామ్ పెంచుకోవాలి. ఏమీ తెరవకుండానే ప్రాసెసర్ 100 చూపిస్తుంటే ఏదో ప్రోగ్రామో, వైరసో దాన్ని తినేస్తున్నట్టు. ముందు దాన్ని తీయాలి. ఎవరి ఇంటి అంకె వాళ్లు చదువుకోవాలి. పక్కింటివాళ్లు మార్చిన ముక్క మన ఇంట్లో పనికి రాకపోవచ్చు.

మోసపు మాటలు

ఒక్కోసారి తెర మీద ఎర్ర పెట్టె వస్తుంది. గంట మోగుతుంది. "మీ కంప్యూటర్‌కు వైరస్ వచ్చింది. ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాసి ఉంటుంది. అది మోసం. ఆ నంబరుకు ఫోన్ చేయకూడదు. "ఒక్క నొక్కుతో వేగం పెంచుతాం" అనే ప్రోగ్రాములు కూడా దింపుకోకూడదు. అవే కంప్యూటర్‌ను ఇంకా నెమ్మది చేస్తాయి.

ఎవరికీ ఓటీపీ చెప్పకూడదు. డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

బజారుకు పోయే ముందు

డిస్కు మార్చే ముందు ఒక పని తప్పక చేయాలి. దానిలో ఉన్నవాటికి నకలు తీసి దాచాలి. ఫోటోలు, మార్కుల మెమోలు, కుల ధ్రువపత్రం, బ్యాంకు కాగితాలు ఒక పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డిజీలాకర్‌లో కూడా చాలా ధ్రువపత్రాలు దొరుకుతాయి. డిస్కు టక్ టక్ అని చప్పుడు చేస్తుంటే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు. అది చెడిపోయే ముందు చేసే చప్పుడు. ముక్క పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. చనిపోయిన అమ్మమ్మ ఫోటో పోతే ఎక్కడ కొంటాం?

రెండో పని. కంప్యూటర్ కంపెనీ పేరు, మోడల్ నంబరు కాగితం మీద రాసుకోవాలి. ర్యామ్ కొనాలంటే పాత ముక్కను వెంట తీసుకుపోవాలి. ర్యామ్‌లో డీడీఆర్ 3, డీడీఆర్ 4 అని రకాలు ఉన్నాయి. ఒక దాని గాడిలో ఇంకోటి దిగదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది. రవిక గుడ్డకు దారం రంగు కలపాలంటే గుడ్డ ముక్క పట్టుకుపోతాం కదా. ఇదీ అంతే.

అబిడ్స్ దారిలో

ఆ తల్లీకూతుళ్లు బజారుకు బయలుదేరారు. నాంపల్లి నుంచి అబిడ్స్ నడిచి పోగలిగిన దూరమే. దూరం నుంచి వచ్చే ఆడవాళ్లకు కూడా దారి ఖర్చు బరువు కాదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. దాని కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు. చిరునామా ఉన్న గుర్తింపు కార్డు వెంట ఉండాలి. మెట్రో రైలులో వచ్చేవాళ్లు నాంపల్లి స్టేషన్‌లో దిగవచ్చు.

ఈ చోట్లకు పాత కథ ఉంది. నాంపల్లి రైలు స్టేషన్ 1907లో కట్టారు. సాధారణంగా జనవరి 1న నాంపల్లి మైదానంలో నుమాయిష్ మొదలవుతుంది. ఆ నుమాయిష్ పుట్టింది 1938లో. ఇక అబిడ్స్ అనే పేరు ఒక దుకాణం వల్ల వచ్చింది. ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఊరి నోట్లో అబిడ్స్ అయ్యింది. ఆదివారం వస్తే ఇక్కడి కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. పాతవైనా చదివేవాళ్లకు అవి బంగారమే.

అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ వైపు కంప్యూటర్, ప్రింటర్ దుకాణాలు ఉన్నాయి. జగదీష్ మార్కెట్ సెల్‌ఫోన్లకు పేరుపడింది. ఫోన్ దుకాణంలో కంప్యూటర్ పని అడగడం కన్నా, కంప్యూటర్ పని చేసే చోటనే అడగడం మేలు.

తల్లి మూడు దుకాణాలు ఎక్కి దిగింది. ప్రతి చోటా ఒకే మాట అడిగింది. ధర పుస్తకంలో రాసుకుంది.

మొదటి దుకాణంలో, "అమ్మా, ఇది పాతది. కొత్తది తీసుకోండి. నెల నెలా కట్టొచ్చు" అన్నారు.

తల్లి పుస్తకం తెరిచి చూపింది. "భయ్యా, మూడుసార్లు చూసినం. డిస్కే నూరు చూపిస్తున్నది. మాకు ఎస్‌ఎస్‌డీ ధర చెప్పుండ్రి చాలు" అంది.

దుకాణం అతను ఆ అంకెలు చూశాడు. మాట మార్చాడు. "సరే అమ్మా, ఎన్ని జీబీ కావాలి?" అని అడిగాడు.

అక్కలారా! అంకె చేతిలో ఉంటే బేరం తీరు మారుతుంది. చూశారా!

ఏం కొనాలి? ఎలా కొనాలి?

చదువుకునే పిల్లలు ఉన్న ఇంటికి 240 లేదా 256 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. పాత కంప్యూటర్‌లో సాటా అనే రకం కనెక్షన్ ఉంటుంది. దానికి తగిన రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ అడగాలి.

ధరలు వారం వారం మారతాయి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. ఏఐ కోసం కట్టే పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు మెమరీ ముక్కలను ఎక్కువగా కొనేయడం దానికి కారణం. ఎస్‌ఎస్‌డీ ధరలు కూడా పెరిగాయి. ఎక్కడో అమెరికాలో కొన్న సరుకు వల్ల అబిడ్స్‌లో ధర పెరుగుతుంది. అందుకే అక్కర లేని ముక్క కొనకపోవడం ఇప్పుడు ఇంకా ముఖ్యం. వాడిన ర్యామ్ తీసుకుంటే తక్కువకు రావచ్చు. అయితే దుకాణంలోనే పెట్టించి, నడిపించి చూడాలి.

కాలిబాట మీద మరీ చవకగా అమ్మే పెద్ద సైజు డిస్కులు, పెన్ డ్రైవ్‌లు కొనవద్దు. పైన 2,000 జీబీ అని రాసి ఉంటుంది. లోపల అందులో పదో వంతు కూడా ఉండదు. కొంత నిండగానే దాచుకున్నవి పాడైపోతాయి.

డబ్బు ఇచ్చే ముందు ఐదు మాటలు అడగాలి.

ముక్క ధర ఎంత? బిగించే కూలి ఎంత? చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా, విడిగానా? వారంటీ ఎన్ని సంవత్సరాలు? పాత డిస్కు తిరిగి ఇస్తారా?

పాత డిస్కును దుకాణంలో వదిలేయకూడదు. తుడిచేసినా దానిలోంచి ఫోటోలు తిరిగి బయటికి తీయగలిగేవాళ్లు ఉన్నారు. ఇంటికి తెచ్చుకుని, ఒక చిన్న కవచంలో పెడితే నకళ్లు దాచుకోవడానికి పనికొస్తుంది.

బిల్లు తీసుకోవాలి. బిల్లు మీద ముక్క సీరియల్ నంబరు ఉందో లేదో చదవాలి. ఆ నంబరు, ముక్క మీది నంబరు ఒకటేనా అని పోల్చి చూడాలి. బిల్లు లేకపోతే వారంటీ నోటి మాటే అవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. బిల్లు ఉంటే ఆ చట్టం తోడు ఉంటుంది. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు.

విండోస్ ఆగిపోతే?

ఇంకో మాట కూడా తెలియాలి. విండోస్ 10కి ఉచితంగా అందరికీ వచ్చే భద్రతా మార్పులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు గడువు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలని కంపెనీ చెప్పింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లను ఒప్పుకోదు. అంటే కంప్యూటర్ బాగానే నడుస్తుంది, కానీ తలుపుకు గడియ బలహీనపడుతుంది.

దీనికి కూడా పైసా లేని దారి ఉంది. లైనక్స్ అనేది విండోస్ బదులు వాడేది. దానిలో లైనక్స్ మింట్ అనే రకం పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే లైనక్స్‌ను కూడా తయారు చేసింది. దరఖాస్తులు నింపడానికి, ఉత్తరాలు రాయడానికి, పాఠాలు చూడటానికి లైనక్స్ చాలు. ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాములు కావలసినవాళ్లు మాత్రం ముందు అడిగి తెలుసుకోవాలి.

దొంగ విండోస్ మాత్రం వేయించుకోవద్దు. దానిలో ఏ పురుగు దాగి ఉందో ఎవరికీ తెలియదు.

ఎప్పుడు ఖర్చు పెట్టకూడదు?

ప్రతి పాత కంప్యూటర్‌నూ బతికించాలని పట్టు పట్టకూడదు. ముఖ్యమైన బోర్డు కాలిపోతే, రెండు మూడు ముక్కలు ఒకేసారి పోతే ఆగి ఆలోచించాలి. మొత్తం ఖర్చు రాసుకోవాలి. వారంటీతో వచ్చే వాడిన కంప్యూటర్ ధర కూడా పక్కన రాసుకోవాలి. బాగు ఖర్చు ఆ ధరలో సగం దాటితే బాగు చేయించడం దండగ. చిరుగుకు అతుకు వేయవచ్చు. గుడ్డే చీకిపోతే అతుకు నిలవదు.

మళ్లీ ఆ ఇంటికి

ఆ ఇంట్లో డిస్కు మార్చారు. పాత డిస్కులోని సామానంతా కొత్త దానిలోకి ఎక్కించారు. తల్లి కూతురి పక్కనే కూర్చుంది.

"పెట్టు బిడ్డా, చూద్దాం" అంది.

కూతురు మీట నొక్కింది. తల్లి లోపల లెక్క పెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు... నలభై అనేలోపల తెర తెరుచుకుంది.

మళ్లీ మూడు మీటలు నొక్కారు. తల్లి కళ్లద్దాలు సర్దుకుని చదివింది. డిస్కు 4.

"నూరు ఉన్నది నాలుగైంది" అంది మెల్లగా.

మరిది వచ్చాడు. చూశాడు. "వదినా, నీకు గివన్నీ ఎవరు చెప్పిండ్రు?" అని అడిగాడు.

"కంప్యూటరే చెప్పింది. నేను చదివిన" అంది ఆమె.

కౌన్సెలింగ్ రోజు కూతురు ఇంట్లోనే కూర్చుని కాలేజీల పేర్లు ఎంచుకుంది. గడువుకు ఒక రోజు ముందే పని అయిపోయింది. ఆ ఇంటి మీద ముప్పై వేల అప్పు లేదు. నెలకు తొమ్మిది వందల వడ్డీ లేదు.

అక్కలారా! చదువు వచ్చిందంటే పుస్తకం చదవడమే కాదు. బిల్లు చదవడం, తూకం చదవడం, మందు సీసా మీద తేదీ చదవడం కూడా చదువే. తెర మీది అంకె చదవడమూ చదువే. ఇవాళ ఇంటికి పోగానే ఆ మూడు మీటలు నొక్కండి. మూడు అంకెలు పుస్తకంలో రాయండి. పక్కింటి అక్కకు కూడా చూపించండి.

గుర్తు పెట్టుకోండి

ముందు అంకె చదవాలి. తర్వాతే డబ్బు తీయాలి.
పైసా లేని పనులు ముందు చేయాలి.
నకలు దాచకుండా డిస్కు మార్చకూడదు.
మూడు దుకాణాల్లో ధర అడగాలి.
బిల్లు చదివి తీసుకోవాలి. పాత డిస్కు ఇంటికి తెచ్చుకోవాలి.

ఆలోచించి చెప్పండి

1. ఆ తల్లి అప్పు ఎందుకు వద్దనుకుంది? ఏడాది వడ్డీ ఎంత?
2. ర్యామ్‌ను వంటింట్లో దేనితో పోల్చారు? డిస్కును దేనితో పోల్చారు?
3. మీ ఇంటి కంప్యూటర్‌లో ఏ అంకె ఎక్కువగా ఉంది? పుస్తకంలో రాయండి.
4. 1930 నంబరు దేనికి? 1915 నంబరు దేనికి?